‘నాదే’ అని రాసిన చీటీ: పాతబొమ్మల సేకర్త, వ్యాపారి అయిన ఒకరి జ్ఞాపకగ్రంథం తయారీలో ఎదురైన కేసు

ఒక మనిషి పోయిన తరువాత ఆ మనిషి సేకరణను జాబితా కట్టడం, ఆ జీవితాన్ని కుటుంబం కోసం గ్రంథస్థం చేయడం నా వృత్తి. ఇక్కడ నమోదు చేస్తున్న కేసులో నేను రెండుసార్లు దారి తప్పాను. రెండోసారి జరిగిన నష్టం పూర్తిగా పూడ్చలేనిది కావడం వల్లనే ఈ కేసును ఎంచుకున్నాను. రాయడానికి కుటుంబం అనుమతి ఇచ్చింది. ఊరు, పేర్లు, సంవత్సరాలు వదిలేశాను, బొమ్మల వివరాలు కొన్ని మార్చాను. చనిపోయిన వ్యక్తిని ‘ఆమె’ అనీ, ఆమె పిల్లలను పెద్దమ్మాయి, అబ్బాయి, చిన్నమ్మాయి అనీ మాత్రమే పేర్కొంటాను.

నేపథ్యం

ఆమె దాదాపు నలభై ఏళ్లు పాతబొమ్మలు సేకరించారు, అందులో ముప్పై ఏళ్లకు పైగా వాటిని అమ్మారు కూడా. ఈ రంగంలో ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయడం వింతేమీ కాదు. చాలామంది ముందు సేకర్తలే, కొత్తది కొనడానికి పాతది అమ్మడంతో వ్యాపారం మొదలవుతుంది. అయినా సేకర్తలకు వ్యాపారి మీద, వ్యాపారులకు సేకర్త మీద కొంచెం అనుమానం ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే సేకర్తకు వదులుకోవడం కష్టం, వ్యాపారికి ఉంచుకోవడం నష్టం. ఈ రెంటి మధ్య ఆమె ఎలా నడిచారన్నది ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఆమె పోయేనాటికి ఇంట్లో మూడు వందలకు పైగా బొమ్మలున్నాయి. ఎక్కువ భాగం జర్మనీలోని తురింగియా ప్రాంతంలో 1880ల నుంచి 1920ల దాకా తయారైన బిస్క్ తలల బొమ్మలు. ఫ్రెంచి బొమ్మలు కొన్ని, మైనపు తలలవి మూడు, కాగితపు గుజ్జువి ఐదారు, సెల్యులాయిడ్‌వి డజను దాకా ఉన్నాయి. బిస్క్ అంటే మెరుగుపూత లేని పింగాణీ. తలను మొదట ఎక్కువ వేడిలో కాల్చి, ఆ తరువాత చర్మపు ఛాయ, బుగ్గల ఎరుపు, పెదవులు, కనుబొమలు చేత్తో దిద్ది, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. అలా కాలిన రంగు వందేళ్లయినా తుడిస్తే పోదు. గోటికి ఊడివచ్చిందంటే అది బట్టీ చూసిన రంగు కాదు, తరువాతెప్పుడో ఎవరో పూసినది. ఈ ఒక్క విషయం మీదే ఈ కేసు చివరికి నిలిచింది కాబట్టి ముందే చెబుతున్నాను.

వచ్చిన సమస్య

సంవత్సరీకం నాటికి ఒక జ్ఞాపకగ్రంథం, ఒక చిన్న ప్రదర్శన, ఆ తరువాత సేకరణ అమ్మకం అనే మూడు పనుల కోసం ఆమె పిల్లలు నన్ను పిలిచారు. చేతిలో ఎనిమిది నెలలున్నాయి. అయితే ముగ్గురు పిల్లలూ మూడు వేర్వేరు గ్రంథాలు కోరుకుంటున్నారని మొదటి సమావేశంలోనే తేలింది. తల్లి గొప్ప నిపుణురాలని, ఆమె మాటకు ఎంతో విలువ ఉండేదని రాయాలని పెద్దమ్మాయి కోరిక. అబ్బాయి మాత్రం, “అమ్మ వ్యాపారం చేసిందండీ. ఆ డబ్బుతోనే మేం చదువుకున్నాం. అదేదో తక్కువ పనైనట్టు దాచిపెట్టి రాయకండి,” అన్నాడు. చిన్నమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఆమె చెప్పినది ఒక సంఘటన మాత్రమే. ఆఖరి నెలల్లో తల్లి సొరుగుల్లోని బొమ్మలన్నిటినీ బోర్లా తిప్పి పడుకోబెట్టారట. “వాటి ముఖం చూడటం కూడా ఇష్టం లేకపోయిందేమో. అంత ప్రేమించినవాటిని అలా చేసిందంటే ఎంత బాధపడిందో అని రోజూ అనుకుంటాను,” అన్నారు.

నేను ఆ వాక్యాన్ని రాసుకున్నాను. పుస్తకానికి చివరి అధ్యాయం దొరికిందని కూడా అనుకున్నాను. ఈ వృత్తిలో అంత తొందరగా చివరి అధ్యాయం దొరికితే అనుమానించాలి, నేను అనుమానించలేదు.

ఇంకో ఇబ్బంది ఏమిటంటే ఆమె తన గురించి ఏమీ రాసుకోలేదు. డైరీ లేదు, ఉత్తరాలు తక్కువ. ఉన్నవల్లా ఇరవైకి పైగా ఖాతా పుస్తకాలు, ఒక రేకు డబ్బా నిండా వేలం రసీదులు, ప్రతి బొమ్మ ఎడమ మణికట్టుకూ నూలుదారంతో కట్టిన ఒక చీటీ.

మొదటి ప్రయత్నం: మనుషులను అడగడం

అలవాటు ప్రకారం ముందు మాటల సేకరణ మొదలుపెట్టాను. బంధువులు, కొనుగోలుదారులు, తోటి వ్యాపారులు కలిపి పద్నాలుగు మందితో మాట్లాడాను. తెలిసినవాళ్లు వయసు మీద పడినవాళ్లు కావడం వల్ల వస్తువులు ఆగుతాయి గాని మనుషులు ఆగరన్నది ఆ నిర్ణయం వెనక తర్కం, అది ఇప్పటికీ సరైనదే అనుకుంటాను. తప్పింది ప్రశ్న. “ఆమె ఎలాంటి మనిషి?” అని అడిగాను. పద్నాలుగు మందీ దాదాపు ఒకే మాట చెప్పారు. బొమ్మలంటే ప్రాణం, ఓపిక ఎక్కువ, మాటకు కట్టుబడే మనిషి, ఎవరు ఏమడిగినా విసుక్కోకుండా చెప్పేవారు. అందులో అబద్ధం ఏదీ లేదు. పోయినవారి గురించి మర్యాదగల మనిషి ఎవరైనా అలాగే మాట్లాడతారు.

యాభై పేజీల చిత్తుప్రతి తయారైంది. పెద్దమ్మాయి చదివి, కాగితాలు జాగ్రత్తగా సర్ది నా ముందు పెట్టి, “బాగుందండీ. కాని ఇందులో అమ్మ పేరు తీసేసి మా అత్తయ్య పేరు పెట్టినా సరిపోతుంది,” అన్నారు. ఆ అత్తయ్యకు బొమ్మలతో ఏ సంబంధమూ లేదు. ఆ చిత్తుప్రతిని అక్కడితో పక్కన పెట్టేశాను.

రెండో ప్రయత్నం: బొమ్మలను చదవడం

మనుషుల మాట తేలిపోయింది కాబట్టి వస్తువులనే నమ్ముకుందామనుకున్నాను. పాతబొమ్మ తన పుట్టుక గురించి చాలా చెబుతుంది. విగ్గు ఎత్తి, నెత్తిమీది అట్టమూతనో బెండుమూతనో తీస్తే తల లోపల డొల్లగా ఉంటుంది, మెడ వెనక భాగంలో అచ్చు సంఖ్య, సైజు సంఖ్య, ఒక్కొక్కసారి తయారీదారు పేరు లోతుగా ముద్రపడి ఉంటాయి. ఆర్మండ్ మార్సెయ్ సంస్థ 390 అచ్చు విస్తారంగా తయారై నేటికీ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ముఖాల్లో ఒకటి. ఆమె దగ్గరే తొమ్మిది ఉన్నాయి. కామెర్ అండ్ రైన్‌హార్ట్ 1909 నుంచి తెచ్చిన, నిజమైన పిల్లల ముఖకవళికలున్న బొమ్మల తలలు సైమన్ అండ్ హాల్‌బిగ్ కార్ఖానాలో పోసినవి, అందుకే ఒకే మెడ మీద రెండు సంస్థల గుర్తులు కనిపిస్తాయి. ఫ్రెంచి బొమ్మల విషయంలో 1899 ఒక సరిహద్దు. జర్మన్ల పోటీకి తట్టుకోలేక జుమో, బ్రు వంటి సంస్థలు ఆ ఏడాది ఒకే సంఘంగా కలిసిపోయాయి, ఆ తరువాతి బొమ్మల్లో చాలావాటి మీద ఆ ఉమ్మడి సంఘం పొడి అక్షరాలు ఉంటాయి.

కాలనిర్ణయంలో ఒక చోట ఆగి ఆలోచించవలసి వచ్చింది. అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల 1891 నుంచి ఆ దేశానికి వెళ్లే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండి తీరాలి. దాన్నిబట్టి దేశం పేరు లేని తలను 1891కి ముందుదని రాసేయడం ఈ రంగంలో చాలామందికి అలవాటు. ఆ తర్కం ఒకవైపే పనిచేస్తుంది. పేరు ఉంటే 1891 తరువాతది కావచ్చునని చెప్పగలం గాని, లేనంతమాత్రాన ముందుదని చెప్పలేం, ఎందుకంటే అమెరికాకు వెళ్లని సరుకుకు ఆ నియమంతో పనిలేదు. ఆమె చీటీల మీద కూడా అలాంటి తలలకు కాలం రాసే చోట ఖాళీ వదిలి ఉంది. అప్పట్లో అది బద్ధకమనుకున్నాను.

జాబితా చక్కగా వచ్చింది. కాని ఆ జాబితా కట్టే తొందరలో నేనూ నా సహాయకుడూ బీరువాలు ఒక్కొక్కటే ఖాళీ చేస్తూ, తయారీదారు వారీగా బల్లల మీద బొమ్మలను సర్దేశాం. బీరువాలో ఏ అరలో ఏది ఏ వరుసలో ఉండేదో ఫొటో తీయలేదు. చేసింది అతను, చెప్పింది నేను, కాబట్టి తప్పు నాది. సేకర్త తన చేత్తో పేర్చిన వరుస కూడా ఒక రాతేనని, ఆమె విషయంలో దాదాపు అదొక్కటే రాత అని అర్థమయ్యేసరికి ఎనిమిది బీరువాల్లో ఆరు ఖాళీ అయిపోయాయి.

ఆ దశలో చేసిన ఒక్క పని మాత్రం మళ్లీ చేయమన్నా అలాగే చేస్తాను. సెల్యులాయిడ్ బొమ్మలను మొదటి రోజే విడిగా, గాలి ఆడే చోటికి మార్చాం. పాత సెల్యులాయిడ్ క్షీణించేటప్పుడు విడుదలయ్యే ఆమ్ల వాయువులు పక్కనున్న లోహాన్ని, బట్టను తినేస్తాయి, పైగా అది సులభంగా అంటుకునే పదార్థం. ఒక పెట్టె మూత తీయగానే కర్పూరం వాసన గుప్పుమంది. దానికి తోడు ముక్కును కుట్టే పులుపు వాసన ఉంటే ఆ బొమ్మను మిగతావాటితో ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు.

జాబితా చదివిన అబ్బాయి, “వేలం సంస్థకు ఇది చాలు. పుస్తకానికి చాలదు,” అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. మూడు వందల తలల పుట్టుక తెలిసింది గాని వాటిని ఏరుకున్న మనిషి అందులో ఎక్కడా లేదు.

బోర్లా పడుకున్న బొమ్మలు

దారి మార్చిన మనిషి ఆమె దగ్గర పాతికేళ్లు బొమ్మలు బాగుచేసిన పనివాడు. మొదటి విడతలో ఆయన కూడా ‘ఓపిక ఎక్కువ’ అన్న మాటే చెప్పి వెళ్లాడు. రెండోసారి ప్రశ్నలేమీ అడగకుండా, సొరుగు తెరిచి ఒక బొమ్మను ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తీసుకున్న తీరే వేరు. ఒక అరచేయి తల వెనక, ఇంకో చేయి నడుము కింద పెట్టి, ముఖం నేలవైపే ఉంచి అందుకుని, ఆ తరువాత మెల్లగా నిలబెట్టాడు. బొమ్మ కళ్లు తెరుచుకునే ఉన్నాయి.

ఎందుకలా అని అడిగితే ఆయనకే ఆశ్చర్యం వేసింది. పడుకోబెడితే కళ్లు మూసుకునే బొమ్మల తలలో గాజు కళ్ల వెనక తీగకు ఒక సీసపు గుండు వేలాడుతుంది. కళ్లను పట్టి ఉంచేది పాత ప్లాస్టర్. వెల్లకిలా ఉంచితే ఆ బరువంతా ప్లాస్టర్ మీద పడి, ఏదో ఒక రోజు కళ్లు ఊడి తల లోపలికి పడతాయి, పడితే గాజు పగలవచ్చు, లోపలి నుంచి బిస్క్ కూడా పగలవచ్చు. అందుకే దూరం పంపేటప్పుడు, చాలాకాలం దాచేటప్పుడు బోర్లా పడుకోబెడతారు. “అమ్మగారు ఎన్నోసార్లు చెప్పేవారు. ఆఖర్లో నన్ను పిలిపించి సాగుదారాలు కూడా వదులు చేయించారు,” అన్నాడు. బొమ్మ అవయవాలను కలిపి పట్టి ఉంచే లోపలి సాగుదారం బిగుతుగా ఉంటే మెడ గుంట మీద ఒత్తిడి ఉంటుంది, కదలికలో అక్కడే పగులు మొదలవుతుంది. ఆమె ఆఖరి నెలల్లో బొమ్మల మీద విరక్తి చెందలేదు, తను లేనప్పుడు పరాయి చేతులు వాటిని మోయబోతున్నాయని తెలిసి ప్రయాణానికి సిద్ధం చేశారు.

చిన్నమ్మాయిని పిలిచి, పనివాడి చేతనే చెప్పించాను. ఆమె సొరుగు ముందు కూర్చుని చాలాసేపు ఒక్కొక్క బొమ్మ వీపునూ చూస్తూ ఉండిపోయారు. నేను రాసుకున్న ‘చివరి అధ్యాయం’ ఆ మధ్యాహ్నమే కొట్టివేశాను. ఒక పని ఎందుకు చేశారో తెలియనప్పుడు ముందు ఆ వృత్తిలో కారణం వెతకాలి, మనసులో కారణం ఆ తరువాత. నేను వరుస తారుమారు చేశాను.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. పద్నాలుగు మందిలో వీలైనవారిని మళ్లీ పిలిచి, ఒక్కొక్కరి చేతిలో వారికి సంబంధం ఉన్న బొమ్మనో, రసీదునో పెట్టి ఊరుకున్నాను. మొదటిసారి ‘విసుక్కోని మనిషి’ అని చెప్పిన ఒక కొనుగోలుదారు, తను పట్టుగౌనును సబ్బునీళ్లలో ఉతికినందుకు ఆమె రెండేళ్లు తనకు ఏ బొమ్మా అమ్మలేదని నవ్వుతూ చెప్పారు. పందొమ్మిదో శతాబ్దం చివరి పట్టుబట్టలో చాలావాటికి బరువు కోసం లోహ లవణాలు పట్టించేవారు, ఆ పట్టు ముట్టుకోకపోయినా నిలువునా చీలిపోతుంటుంది, నీళ్లు తగిలితే ఇక చెప్పేదేముంది. ప్రాణం, ఓపిక అన్న మాటల చాటున ఉన్న మనిషి అప్పుడు కొద్దికొద్దిగా బయటికి వచ్చారు.

చీటీల వెనక

ఇక చీటీలు. ముందువైపు బొమ్మ వివరం, అమ్మకపు ధర అంకెల్లో ఉన్నాయి. వెనకవైపు మూడు నాలుగు తెలుగు అక్షరాలు ఉన్నాయి. పాతవస్తువుల వ్యాపారులు కొన్న ధరను రహస్యలిపిలో రాసుకోవడం లోకమంతటా ఉన్నదే కాబట్టి అదేమిటో అర్థమైంది, ఎలా చదవాలో అర్థం కాలేదు. తెలుగు అక్షరాలు కదా, అక్షరాలతో అంకెలు సూచించే పాత కటపయాది పద్ధతి అయి ఉంటుందని నాకు నేనే మురిసిపోయి, కాదులు తొమ్మిది, టాదులు తొమ్మిది, పాదులు ఐదు, యాదులు ఎనిమిది అని పట్టిక వేసుకుని, కుడి నుంచి ఎడమకు అంకెలు పేర్చి రెండు రోజులు పాడుచేసుకున్నాను. వచ్చిన ధరలు రసీదులతో ఒక్కటీ కలవలేదు.

అసలు సంగతి చాలా సాదా. చీటీలన్నిటి అక్షరాలూ ఒక చోట రాస్తే మొత్తం పదకొండు రకాలే తేలాయి. పది అంకెలకు పది, ఇంకొకటి ఒకే అంకె వెంటవెంటనే వస్తే దాన్ని దాచడానికి. రేకు డబ్బాలోని వేలం రసీదుల్లో అచ్చు సంఖ్యతో సహా వివరం ఉన్నవి తొమ్మిది దొరికాయి. వాటిలోని ధరను ఆయా బొమ్మల చీటీలతో పోల్చగా ఎనిమిది అక్షరాలు తేలాయి, మిగిలినవి ఖాతా పుస్తకాల కూడికల నుంచి వచ్చాయి. ఆ పది అక్షరాలూ వరుసగా చదివితే ఏమవుతుందో కుటుంబానికి చెప్పాను, ఇక్కడ రాయను.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. కొన్న ధరలు గ్రంథంలో వేయాలా? అబ్బాయి వేయమన్నాడు. నేను వద్దన్నాను. ఆ ధర వెనక ఆమెకు అమ్మిన మనిషి ఒకరున్నారు, చాలామంది ఇంకా వ్యాపారంలో ఉన్నారు, వారి రహస్యం బయటపెట్టే హక్కు చనిపోయిన కొనుగోలుదారు పిల్లలకు గాని, వారు పెట్టుకున్న రచయితకు గాని లేదు. అంకెలు లేకుండా పోలిక మాత్రం రాయడానికి అందరం ఒప్పుకున్నాం.

ఆ పోలికే ఆమె ఎవరో చెప్పింది. తెలిసిన సేకర్తలకు, తోటి వ్యాపారులకు అమ్మినప్పుడు లాభం గట్టిగానే ఉంది, అబ్బాయి చెప్పిన వ్యాపారి అక్కడ స్పష్టంగా కనిపిస్తారు. మొదటిసారి కొనేవారికి అమ్మిన సాధారణ జర్మన్ బొమ్మల మీద మాత్రం లాభం నామమాత్రం, కొన్నిచోట్ల కొన్న ధరకే ఇచ్చారు. అది దానధర్మం అనుకోనక్కరలేదు. ఖాతా పుస్తకాలు ఏళ్ల తరబడి చూస్తే, అలా కొన్నవారే పదేళ్ల తరువాత పెద్ద కొనుగోలుదారులై తిరిగి వచ్చారు. అంతకన్నా ఆశ్చర్యపరిచినది ఇంకొకటి. ఒకే బొమ్మకు రెండు మూడు చీటీలు ఒకదాని మీద ఒకటి కట్టి ఉన్నాయి. ఒక 390 అచ్చు బొమ్మ ముప్పై ఏళ్లలో నాలుగుసార్లు ఆమె చేతుల మీదుగా వెళ్లి వచ్చింది, ప్రతిసారీ కొన్నవారి కాలం తీరాకనో, ఆసక్తి తీరాకనో ఆమె దగ్గరికే చేరింది. అమ్మడం ఆమెకు వదులుకోవడం కాదని, ఇంట్లో పట్టని సేకరణను ఇతరుల ఇళ్లలో ఉంచడమని నాకు అనిపించింది. పెద్దమ్మాయికీ అబ్బాయికీ మధ్య ఉన్న వాదన అక్కడితో సగం చల్లారింది.

కింది అర

మిగిలిన సగం కింది అర దగ్గర వచ్చింది. పదకొండు బొమ్మల చీటీలకు అమ్మకపు ధర లేదు, ముందువైపు ‘నాదే’ అన్న ఒక్క మాట ఉంది. అవి తల్లికి అన్నిటికన్నా ఇష్టమైనవని, అందుకే అమ్మకుండా ఉంచుకున్నారని పెద్దమ్మాయి చిన్నప్పటి నుంచీ నమ్మారు. ప్రదర్శనలో మధ్యలో పెట్టాలనుకున్నవీ అవే.

మేం చెడగొట్టిన వరుస తిరిగి కట్టడానికి కుటుంబ ఫొటోలు వెతికాం. పిల్లల పుట్టినరోజు ఫొటోల్లో మనుషుల వెనక బీరువాలు కనిపిస్తాయి కదా, అలా ఒక బీరువా వరుస దాదాపు పూర్తిగా, ఇంకొకటి సగం దొరికాయి. ఆ పదకొండూ ఒకే బీరువాలో అట్టడుగు అరలో, తలుపు మరుగున ఉండేవి. ఇష్టమైనవాటిని కంటికి ఆననంత కింద ఎవరు పెట్టుకుంటారన్నది నా మొదటి సందేహం.

గది చీకటి చేసి అతినీలలోహిత దీపం వేశాం. ఆ వెలుగులో బట్టీలో కాలిన రంగు ఒక తీరుగా, పైన పూసిన రంగు మరో తీరుగా కనిపిస్తాయి. మొదటి బొమ్మ ఎడమ బుగ్గ మీద, మామూలు వెలుగులో ఏ మచ్చా లేని చోట, ఒక మరక తేలింది. విగ్గు తీసి తల లోపల చిన్న బల్బు పెడితే చెవి దగ్గర నుంచి మెడ అంచు దాకా వెంట్రుకవాసి పగులు సన్నని నల్లగీతలా కనిపించింది. ఎవరో ఆ పగులును పూడ్చి, నునుపు చేసి, బుగ్గ మొత్తం రంగు వేశారు. ఖాతా పుస్తకంలో వెతికితే ఆ బొమ్మను ఆమె ‘లోపం లేనిది’ అని అమ్మినట్టు ఉంది. రెండేళ్ల తరువాతి పద్దులో అదే బొమ్మను అదే మనిషి నుంచి, అమ్మిన ధర కన్నా ఎక్కువకు తిరిగి కొన్నారు.

రెండోది ఫ్రెంచి తల. పక్కన అదే అచ్చు, అదే సైజు సంఖ్య ఉన్న ఇంకో తలతో కొలిస్తే ఇది స్పష్టంగా చిన్నది. పాత తల మీద నుంచి అచ్చు తీసి కొత్తది పోస్తే, కాల్చినప్పుడు మట్టి కుంచించుకుపోయి అసలు కన్నా చిన్నదవుతుంది, వెనక ముద్ర మాత్రం పాత సంఖ్యనే చెబుతుంది. అది నకలు. ఆమె దాన్ని అసలుదని అమ్మారు, కొన్నేళ్ల తరువాత తెలుసుకుని వెనక్కి తీసుకున్నారు.

ఇలా పదకొండులో ఏడింటికి ఖాతాలో ఆధారం దొరికింది. ‘నాదే’ అంటే ‘ఈ బొమ్మ నాదే’ అని కాదు, ‘ఈ తప్పు నాదే’ అని. కాలం రాయవలసిన చోట ఆమె వదిలిన ఖాళీలు కూడా మొదటి తిరుగు కొనుగోలు తరువాతి చీటీల్లోనే మొదలయ్యాయి. నేను బద్ధకమనుకున్నది దెబ్బతిన్న మనిషి జాగ్రత్త.

చేర్చాలా, వదలాలా

పెద్దమ్మాయి ఈ అధ్యాయం వద్దన్నారు. “అమ్మ ముప్పై ఏళ్లు దాచుకున్నది మీరు అచ్చువేస్తారా?” అన్న ఆమె ప్రశ్న న్యాయమైనదే. అబ్బాయి భయం వేరు. ఏడు బొమ్మల్లో పొరపాటుందని చదివితే కొనేవారు మిగతా మూడు వందలనూ అనుమానిస్తారని.

నేను మూడు విషయాలు ఆలోచించాను. మొదటిది, అమ్మకం జాబితాలో ఈ లోపాలు ఎలాగూ రాయవలసిందే. లోపం తెలిసీ చెప్పకుండా అమ్మడం మోసం. ఒకే ఏడాది ఒకే కుటుంబం నుంచి వచ్చే రెండు కాగితాలు రెండు రకాలుగా మాట్లాడితే నష్టం ఎక్కువ. రెండోది, ఆమె నిజంగా దాచారా అన్నది. దాచాలనుకున్న మనిషి ఆ బొమ్మలను నకలు బొమ్మలుగా చౌకగా వదిలించుకుంటారు, రంగు కడిగించి అమ్ముతారు. ఆమె పద్దు రాసి, చీటీ కట్టి, అరలో పెట్టారు. పనివాడు చెప్పిన మాట కూడా అప్పుడు అతికింది. పాత పగుళ్ల మీద రంగు వేయనిచ్చేవారు కారట, “గీత కనపడనీ” అనేవారట. మూడోది, నాకు నచ్చిన కథ కావడం వల్ల నేను దీని వైపు మొగ్గుతున్నానేమోనన్న అనుమానం. బోర్లా పడుకున్న బొమ్మల విషయంలో అదే చేశాను. అందుకే ఏడు పద్దులనూ నా వ్యాఖ్య లేకుండా తీసి, పెద్దమ్మాయికి ఇచ్చి, నిర్ణయం ఆమెకే వదిలాను.

ఆమె మూడు వారాలు తీసుకున్నారు. ఒప్పుకుంటూ రెండు షరతులు పెట్టారు. ఆ బొమ్మలు కొని తిరిగి ఇచ్చినవారి వివరాలు ఏ రూపంలోనూ రాకూడదు, అది నేనూ అనుకున్నదే. ఆ ఏడు బొమ్మలూ అమ్మకానికి వెళ్లకూడదు. అబ్బాయి ఆ షరతుకు ఏమీ అనలేదు, తన వాటా లెక్కలో వాటిని తనే కొట్టివేశాడు. అధ్యాయం వల్ల కొనేవారు వెనకడుగు వేశారా అన్నదానికి జవాబుగా ఒక్కటే చెప్పగలను. ప్రదర్శనలో ఎక్కువమంది వంగి చూసిన అర అదే.

పద్ధతిలో మార్చుకున్నవి

ఈ కేసు తరువాత ఏ ఇంట్లోనూ వస్తువును కదపకముందు అర అరనూ, సొరుగు సొరుగునూ ఫొటో తీస్తున్నాను. ముందు నుంచి, పక్క నుంచి, తలుపు మూసి కూడా, ఎందుకంటే ఏది మరుగున ఉందో తలుపు మూస్తేనే తెలుస్తుంది. పనివాళ్లను, కుట్టేవాళ్లను, పెట్టెలు కట్టినవాళ్లను బంధువుల కన్నా ముందు కలుస్తున్నాను, కలిసినప్పుడు ప్రశ్న కన్నా ముందు వస్తువును చేతిలో పెడుతున్నాను. కుటుంబం చెప్పిన అర్థాన్ని, నాకు తోచిన అర్థాన్ని, కాగితం చెప్పిన అర్థాన్ని మూడు వేర్వేరు గళ్లలో రాస్తున్నాను. మూడూ కలవని చోట తొందరపడి కలపడం లేదు.

ఆ అలవాటు ఈ కేసులోనే ఒకసారి పనికొచ్చింది. పదకొండులో ఏడు పోగా మిగిలిన నాలుగింటికి ఖాతాలో ఏ పద్దూ లేదు. దీపం కింద ఏ మరకా తేలలేదు, తల లోపల బల్బు పెడితే పగులూ లేదు, సైజులు సరిపోయాయి. చీటీ మీద మాత్రం అదే మాట, అదే చేతిరాత. మేం పట్టుకోలేని పొరపాటును ఆమె కన్ను పట్టుకుని ఉండవచ్చు, పెద్దమ్మాయి చిన్నప్పటి నుంచీ నమ్మినదే నిజమై ఉండనూ వచ్చు. గ్రంథంలో ఆ నాలుగు పేజీల్లో బొమ్మ ఫొటో, అచ్చు సంఖ్య, చీటీ నకలు వేసి, కింద స్థలం ఖాళీగా వదిలాం. ఆ నాలుగింటినీ పెద్దమ్మాయి ఇంటికి తీసుకువెళ్లారు, సాగుదారాలు వదులు చేయించి, బోర్లా పడుకోబెట్టి.